పెద్దమూతి నీళ్ళు

లంకల్లో పశువులు మాట్లాడుకునేవి. ఇప్పటికీ మాట్లాడుకుంటున్నాయేమో, వినే ఓపిక మనకి లేదు. చెప్పే ఓపిక నాకూ లేదు నిజానికి. కానీ ఏటా తొలకరికి ఈ కథ ఎవరో ఒకరు నాచేత చెప్పిస్తారు, శ్రద్ధగా తలూపుతారు, మర్నాటికి మర్చిపోతారు. సరే, ఇంకోసారి చెబుతాను.

గోదారి రెండు పాయలుగా చీలిన చోట మొగలిలంక అని ఒక లంక ఉండేది. ఒక కొసన మొగలిపొదలు, మధ్యలో పచ్చిక, ఇంకో కొసన నది ఏటా కాస్త కాస్త కోసుకుపోయే ఒడ్డు. ఎండాకాలమంతా పన్నెండు గేదెలు, వాటి దూడలు, ఒక ముసలి ఎద్దు అక్కడ మేసేవి. గోదారి ఎరుపెక్కిందంటే అందరూ పాయ ఈది ఏటిగట్టు మీదికి చేరేవారు. వరద తీశాక మళ్ళీ లంకకి వచ్చేవారు.

ఆ ఎద్దు పేరు సన్యాసి. పన్నెండేళ్ళు అరకా బండీ లాగాడు. మెడ మీద కాడి ఒరిసి అరచెయ్యంత కాయ కాసింది. ఆరేళ్ళ కిందట గొంతువాపు జబ్బొచ్చి, చావు దాకా వెళ్ళి, ఎలాగో బతికి లేచాడు. లేచాడు గానీ పనికి పనికిరాడని లంకలో వదిలేశారు. అందుకు అతనికి కోపం లేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా కాస్త బలం కావాలి. అది కాడితోపాటే దిగిపోయింది.

మందకి పెద్ద దిక్కు వెంకాయమ్మ అనే గేదె. దోనెల్లాంటి కొమ్ములు, నెమ్మదైన నడక, ఒక మాట అంటే అంతే. ఆవిడకి నాలుగు నెలల పెయ్యదూడ, పేరు నూకాలు. తల్లి దగ్గర పాలు తాగడం, సన్యాసి దగ్గరికి పరిగెత్తడం, అతని మెడ మీది కాయని గరుకు నాలుకతో నాకడం, ఇదే దాని రోజంతా పని. ఆ కాయ ఎప్పుడూ సలుపుతూ ఉండేది. దూడ నాకుతున్నంతసేపూ సన్యాసికి ఆ సలుపు తెలిసేది కాదు. అతని బతుకులో మిగిలిన సుఖం అదొక్కటే.

ఇక లంకలో ఒక ఆచారం ఉండేది. ఎవరో చేపలోళ్ళు వదిలేసిన తాటిదోనె ఒకటి ఇసకలో సగం కూరుకుపోయి పడుంది. తొలకరికి అది నిండేది. ఆ కొత్తనీళ్ళని మందంతా తాగాలి. ముందు అందరికంటే వయసైనవాళ్ళు మూతి పెట్టాలి, తర్వాత మిగతావాళ్ళు ఆ ఎంగిలి తాగాలి. దీన్ని పెద్దమూతి అనేవారు. పెద్దవాళ్ళ ఎంగిలి పిల్లలకి దీవెన అని వాళ్ళ నమ్మకం. మూతి పెట్టనన్నవాడికీ, తాగనన్నవాడికీ మందలో చోటు లేదు.

మూడేళ్ళ కిందట పాత పెద్ద గేదె వయసు మీరి పోయింది. పెద్దమూతి సన్యాసికి వచ్చింది. మొదట్లో దూడలు చివర తాగేవి. రెండో ఏడు ఒకడు వచ్చి ఆ వరస మార్పించాడు.

ఆ ఒకడే పానకాలు. మొగలిపొదల్లో కాపురముండే నక్క.

"ఎంకాయమ్మక్కా, పరాయోణ్ణి, నాకెందుకులే గానీ," అన్నాడు ఆ రోజు, "దీవెన ముందు అందాల్సింది పసిపిల్లలకి కదా? ముసలోళ్ళు తాగి తాగి ఆఖర్న అడుగునీళ్ళు దూడలకి పోస్తారేంటి? చూస్తుంటే కడుపు తరుక్కుపోతంది."

"నిజమేరా," అంది వెంకాయమ్మ. "ఇన్నాళ్ళూ మాకు తట్టనే లేదు."

అప్పట్నుంచి సన్యాసి వెనకే దూడలు తాగడం మొదలైంది. అప్పట్నుంచి తొలకరి వెళ్ళిన వారంలోపు దూడలు పోవడమూ ఎక్కువైంది. ఒళ్ళు కాలిపోయేది, గొంతు కింద వాచేది, నాలుక బయటికొచ్చి గురగురమని ఊపిరి లాగేవి, రెండో పూటకి లేచేవి కావు. పోయినేడు పోయినవాటిలో వెంకాయమ్మ పెద్ద దూడ కూడా ఉంది. గొంతువాపు అన్నారు, రాసిపెట్టి ఉంది అన్నారు. ఎక్కణ్ణించి వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న అడగనిదే నయం అనిపిస్తుంది కొందరికి. నేను చాలామందిని చూశాను అలాంటివాళ్ళని.

పానకాలు చదువుకున్నవాడు కాదు, కళ్ళున్నవాడు. మూడేళ్ళు పొదలో కూచుని చూశాడు. పెద్దమూతి అయ్యాకే దూడలు పోతున్నాయి. సన్యాసి వెనక వెంటనే తాగినవే ముందు పోతున్నాయి. మంద మేతలేక నీరసపడ్డ ఏడాది ఇంకా ఎక్కువ పోతున్నాయి. ఎందుకో అతనికి తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. తిండి దొరుకుతోంది, అది చాలు. ఈ ఏడు ఇంకాస్త ఎక్కువ దొరికితే బాగుంటుందనుకున్నాడు.

తొలకరికి మూడు రోజుల ముందు, మిట్టమధ్యాహ్నం రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా! ఇంకా మేస్తన్నారేంటి? పైన ఆనకట్ట తలుపులన్నీ ఎత్తేశారంట! కొంగలు చెప్పుకుంటన్నాయి. సాయంత్రానికి లంక ఉండదు!"

వెంకాయమ్మ నది వైపు చూసింది. "నీళ్ళు ఎర్రబడలేదు కదరా?"

"ఎర్రబడేదాకా చూద్దామంటావా? సరే, చూద్దాం. నాదేముంది, ఒంటరోణ్ణి. పిల్లలు గలోళ్ళు మీరు, ఆ తర్వాత నన్ననకండి."

ఆ ఒక్క మాటతో మంద లేచింది. పాయ ఈదారు. దూడలు తల్లుల తోకలు పట్టుకున్నట్టుగా వెనకే ఈదాయి. గట్టెక్కితే అక్కడ వరదా లేదు, గడ్డీ లేదు. అరటితోట కాపలావాళ్ళు కర్రలు పుచ్చుకుని తరిమారు. పొద్దున్నే మళ్ళీ ఈదుకుంటూ లంకకి వచ్చారు.

"వరద పక్క లంక మీదికి మళ్ళిందంట అక్కా," అన్నాడు పానకాలు. "మనకి పోయిందేముంది? జాగ్రత్తపడ్డాం, అంతే."

రెండో రోజూ అలాగే అరిచాడు. మళ్ళీ ఈదారు, మళ్ళీ వచ్చారు. మూడో రోజు అరిచేసరికి సన్యాసి ఈదబోతూ ఆగి అడిగాడు.

"పానకాలూ, మూడు రోజులుగా వరద వరద అంటున్నావు. నువ్వెందుకు ఈదడం లేదురా?"

"జలుబు చేసింది మావయ్యా. నీళ్ళలో దిగితే పీకల మీదికొస్తది."

"వరద నీ జలుబు చూసి ఆగుతుందా?"

"ఏదో ఒకటి చేసుకుంటాలే. నువ్వు ఎల్లు మావయ్యా, దూడలు ఎదురుచూస్తన్నాయి."

సన్యాసికి అనుమానం వచ్చింది. కానీ అనుమానం వచ్చినవాడు ఆగి నిలబడాలి, పదిమందితో వాదించాలి. పదిమందీ అప్పటికే నీళ్ళలో ఉన్నారు. అతనూ దిగాడు. అలసినవాళ్ళు చేసే తప్పు ఇదే, వాదించడం కంటే ఈదడం తేలిక అనిపిస్తుంది.

మూడోసారి లంకకి తిరిగొచ్చి ఒడ్డెక్కుతుంటే వాన పట్టుకుంది. తొలకరి. మూడు రోజులుగా ఎవరి కడుపులోనూ మేత లేదు. ఒళ్ళంతా తడి. గేదెలు ఎక్కడివక్కడ కూలబడ్డాయి. నూకాలు తల్లి పొట్టకి ఆనుకుని వణుకుతూ పడుకుంది. ఆ సాయంత్రానికే తాటిదోనె అంచుల దాకా నిండింది. మర్నాడు పొద్దున పెద్దమూతి.

సన్యాసి మొగలిపొద పక్కన పడుకున్నాడు. గొంతులో ఎక్కడో గరగరలాడింది. దగ్గబోతే లోపలి నుంచి మాట వినిపించింది.

"సన్యాసయ్యగారూ, మెలకువగానే ఉన్నారా అండి?"

క్రిమి మాట్లాడుతుందా అని అడక్కండి. నక్క మాట్లాడితే ఊరుకున్నారు కదా.

"ఎవరది?" అన్నాడు సన్యాసి.

"నేనండి, చిన్నాల్ని. తవరి గొంతులోనే ఉంటన్నాను, బాగా లోపల, ఓ మూలగదిలో. ఆరేళ్ళయిందండి."

"ఆరేళ్ళుండి ఇవాళా పలకరించేది?"

"సందు దొరకలేదండి. తవరి ఒంట్లో కాపలావాళ్ళున్నారే, రక్తంలో తిరుగుతుంటారు, మహా గట్టివాళ్ళు. అప్పుడు తవరికి జబ్బు చేసిందంటే మావల్లేనండి. తవరు గెలిచారు. అప్పట్నుంచి వాళ్ళు మా మొహాలు గుర్తుపెట్టుకున్నారు. ఏటా తొలకరికి తవరు కాస్త నీరసపడ్డప్పుడు ఒకరిద్దరం జారుకోవడమే తప్ప గడప దాటనివ్వరు. పోనీ బయటికి పొమ్మంటారా అంటే అదీ లేదు, ఆ మూల వాళ్ళకి అందదు. అలా పడున్నామండి."

"మరి ఇవాళ ఏమైంది?"

"కాపలావాళ్ళు నిద్రపోయారండి," అన్నాడు చిన్నాలు సంబరంగా. "మూడు రోజులు ఈత, మేత లేదు, పైగా వాన. ఒళ్ళు అలిస్తే వాళ్ళూ అలుస్తారు కదండి. మావాళ్ళందరూ తవరి నోట్లోకి వచ్చేశారు. చొంగ నిండా మేమేనండి."

సన్యాసికి ఏదో కీడు తోచింది. కానీ పన్నెండేళ్ళు బండి లాగినవాడు, బడాయిరాయుళ్ళని ఎంతమందిని ఎక్కించుకుని తిరిగాడో. వాళ్ళ నోరు ఎలా తెరిపించాలో అతనికి తెలుసు.

"పోవోయ్," అన్నాడు ఆవలిస్తూ. "కంటికి కనపడవు. ఈగ కాలి మీద నీలాంటివాళ్ళు వెయ్యిమంది కూచోవచ్చు. నువ్వేం చెయ్యగలవు?"

"అదిగో, అందరూ అక్కడే పొరబడతారండి!" చిన్నాలుకి రోషం వచ్చింది. "కొత్త గొంతులో ఒక్కడు అడుగుపెట్టాలండి. పట్టు దొరకబుచ్చుకుంటాడు. కాసేపటికి ఒకడు ఇద్దరవుతాడు, ఇద్దరు నలుగురు. పొద్దున మొదలెడితే సాయంత్రానికి తవరు లెక్కపెట్టలేరు. అప్పుడు రక్తంలో దిగుతాం. కాపలావాళ్ళు పట్టుకోబోతే మా ఒంటి మీద జారుడు తొడుగుంది, పట్టు చిక్కదు. ఒకవేళ చంపారే అనుకోండి, చచ్చినవాడి ఒంట్లోంచి విషం కారుతుంది. ఆ విషానికే జ్వరం, ఆ విషానికే వాపు. గొంతు వాచి ఊపిరి దారి మూసుకుపోతుంది. బతికున్నా మేమే, చచ్చినా మేమే! చూశారా మరి?"

"కొత్త గొంతా? అదెక్కడ దొరుకుతుంది నీకు?"

"అయ్యో, తవరే కదండీ ఏటా ఇప్పిస్తన్నారు! దోనెలో తవరు మూతి పెడతారు, మేం నీళ్ళలోకి దూకుతాం, ఎనకే దూడలొచ్చి తాగుతాయి. పసి గొంతులండి, వాటి కాపలావాళ్ళకి మా మొహాలే తెలీవు. పోయినేడు ఎంకాయమ్మగారి దూడ ఉంది చూడండి, రెండు పూటల్లో ముగించాం."

సన్యాసి తల ఎత్తి, వానలో మంద పడుకున్న వైపు చూశాడు.

"ఆ దూడని చంపడం వల్ల నీకేం వచ్చింది?" అని అడిగాడు.

"ఏం రాలేదండి. మాకు చంపాలని ఉండదు, పెరగాలని ఉంటుంది, అంతే. అది పోతే దాంట్లో ఉన్న మావాళ్ళూ పోయారు. ఏం చేస్తాం, అప్పుడు ఆగడం మాకు చేతకాదు."

"ఇంత మొనగాడివి, నీకు భయమే లేదన్నమాట."

"ఎండంటే భయమండి," అన్నాడు చిన్నాలు. పొగిడితే కరిగిపోయే రకం. "తడి ఉంటే బతుకుతాం, ఆరితే పోతాం. ఇంకోటి, కడుపునిండా తిని, నాలుగు రోజులు కదలకుండా పడుకునే ఒళ్ళంటే మాకు గిట్టదు. కాపలావాళ్ళు లేచి కూచుంటారు. అయినా ఆ బెంగ లేదులెండి, రేపు పెద్దమూతే కదా. నూకాలు అట, ముందు వరసలో ఉందట. పడుకోండి, తవరు బాగా అలిసిపోయారు."

సన్యాసి కళ్ళు మూసుకున్నాడు. పన్నెండేళ్ళు కాడి మోశాడు గానీ ఇంత బరువు ఎప్పుడూ మొయ్యలేదు. ఏటా దూడలు తన వెనక నిలబడి, ఎంత ఇష్టంగా తాగేవో గుర్తొచ్చింది. తాగి మూతులు ఎత్తి, తన వైపు చూసేవి. అతనికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. వానలో ఎవరికీ తెలీలేదు.

తెల్లారేసరికి వాన వెలిసింది. మబ్బుల సందులోంచి ఎండ వస్తోంది. మందంతా దోనె చుట్టూ చేరింది. దూడలు వరసగా నిలబడ్డాయి, అన్నిటికంటే ముందు నూకాలు. పానకాలు దోనె కొసన ఎక్కి పెళ్ళిపెద్దలా కూచున్నాడు.

"రా మావయ్యా, రా. పొద్దెక్కుతంది. పిల్లలు దప్పికతో ఉన్నారు."

సన్యాసి దోనెకి పది అడుగుల దూరంలో ఆగాడు.

"నేను మూతి పెట్టను," అన్నాడు.

గేదెలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. వెంకాయమ్మ ముందుకొచ్చింది.

"అదేంటన్నయ్యా? నా దూడని దీవించవా? పోయినేడు పెద్దదాన్ని పోగొట్టుకున్నదాన్ని. దీనికి కూడా నీ చల్లని మూతి లేకుండా చేస్తావా?"

అయినా సన్యాసి చెప్పేశాడు.

"అమ్మా, నీ పెద్దది నా ఎంగిలి తాగే పోయింది. నా గొంతులో జబ్బుంది. నన్నేమీ చెయ్యదు, దూడల్ని చంపుతుంది. మూడేళ్ళుగా నా మూతే చంపుతోంది."

"మతిపోయిందా నీకు?" అంది ఒక గేదె. "జబ్బుంటే ముందు నువ్వు పోవాలిగా? రాయిలా ఉన్నావు!"

"నేనొకసారి పడి లేచాను. అందుకే నన్ను వదిలేసింది."

"నిన్ను వదిలేసి, నువ్వు తాగిన నీళ్ళలో దూరిందా? ఎవరు చెప్పారు?"

"అదే చెప్పింది. నా గొంతులోంచి."

గేదెలు నవ్వాయి. నిజం చెప్పినప్పుడు నవ్వితే ఎలా ఉంటుందో చెప్పి లాభం లేదు, ఆ బాధ పడ్డవాళ్ళకి తెలుసు.

"పెద్దోళ్ళు అలాగే అంటారక్కా," అన్నాడు పానకాలు తియ్యగా. "వయసుతో వచ్చే వినయం అది. పైగా మూడు రోజులు ఈదాడు, ఏదో కల వచ్చుంటది. ఇలాంటప్పుడే కదా దీవెన కావాలి! ఎప్పుడూ లేనంత నీరసంగా ఉన్నారు పిల్లలు. కానీ మావయ్యా, కానీ."

"మూతి పెట్టనివాడికి మందలో చోటు లేదు, తెలుసుగా," అంది వెనక నుంచి ఇంకో గేదె.

సన్యాసి పానకాలు వైపు చూశాడు. నక్క నాలుక ఒకసారి పెదాల మీదుగా తిరిగి లోపలికి పోయింది. నూకాలు వైపు చూస్తున్నాడు వాడు. పొద్దున పూట దూడని చూసి నాలుక తిప్పుకునేవాడు దేనికోసం చూస్తున్నాడో సన్యాసికి అప్పుడు అర్థమైంది. మూడు రోజుల వరద ఎందుకొచ్చిందో, ఎందుకు రాలేదో కూడా అర్థమైంది. పన్నెండుమందితో వాదించే శక్తి అతనికి లేదు. ఒక్కడితో తేల్చుకోవచ్చు అనుకున్నాడు.

"సరే, మీ మాటే కానివ్వండి," అన్నాడు. "మూతి పెడతాను. కానీ ఒక్కటి. మూడు రోజులు మనకోసం గొంతు చించుకుని అరిచాడు పానకాలు. మందలో పుట్టకపోయినా మందకి కాపలా కాశాడు. అలాంటివాణ్ణి పక్కన నిలబెట్టి మనం మాత్రమే తాగితే బాగుంటుందా? ఈ ఏడు నా వెనక మొదటి గుక్క అతనిది. దూడలు ఆ తర్వాత."

"అవునవును," అన్నాయి గేదెలు. "న్యాయమైన మాట."

పానకాలు దోనె మీంచి దిగాడు. "నాకెందుకు మావయ్యా? నక్కోణ్ణి. మీ ఆచారం నేను ముట్టుకుంటే మైలపడదూ?"

"మైల లేదురా," అంది వెంకాయమ్మ. "మా వరస మార్చినోడివి నువ్వు. నీకు లేని హక్కా?"

"జలుబక్కా. చన్నీళ్ళు పడవు."

"ఎండలో వెచ్చబడ్డాయి. రా."

"పిల్లలు దప్పికతో..."

"ఒక్క గుక్కే కదరా. పిల్లలు ఆగుతారు."

పానకాలు ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక గేదె కొమ్ములు తగిలాయి. ఇటు తిరిగాడు, ఇటూ కొమ్ములే. వాళ్ళు బెదిరించడానికి నిలబడలేదు పాపం, గౌరవించడానికే నిలబడ్డారు. సన్యాసి దోనె దగ్గరికి వచ్చి, నీళ్ళకి జానెడు ఎత్తున మూతి ఆపి, ముట్టుకోకుండా, నక్కని పిలిచాడు.

"రారా పానకాలూ. ఇదిగో పెడుతున్నాను. నా మూతి తియ్యగానే నీ మూతి పెట్టు. ఎవరూ మధ్యలో రాకండమ్మా, మొదటి గుక్క అతనికే దక్కాలి."

వెంకాయమ్మ నక్క వీపుకి కొమ్ము ఆనించి మెల్లగా ముందుకి నెట్టింది. సన్యాసి మూతి నుంచి చొంగ తీగలా సాగింది. అది చూసి పానకాలు తల వెనక్కి లాక్కున్నాడు.

"నేను తాగను!" అని అరిచాడు. "నాకేం పిచ్చా? మూడేళ్ళుగా కళ్ళారా చూస్తన్నాను, వీడి ఎనక మొదట తాగిన దూడల్లో ఒక్కటన్నా మిగిలిందా? నన్ను తాగమంటారేంటి!"

వెంకాయమ్మ నక్క వీపు మీంచి కొమ్ము తీసింది.

"ఏమన్నావు?" అంది వెంకాయమ్మ.

పానకాలు నోరు మూసుకున్నాడు. కానీ మాట బయటికొచ్చేసింది.

"మూడేళ్ళుగా చూస్తన్నావా?" ఆవిడ గొంతు పెరగలేదు. "చూస్తానే దూడల్ని ముందు తాగమన్నావా? నా పెద్దది తాగుతుంటే అక్కడ కూచుని చూశావు కదూ? మొన్నట్నుంచి మమ్మల్ని ఈదించింది కూడా అందుకేనా?"

"అక్కా, నా మాట..."

ఆవిడ వినలేదు. పన్నెండు గేదెలు ఒక్కసారి కదిలాయి. పానకాలు కాళ్ళ సందుల్లోంచి దూరి, నది కోస్తున్న ఒడ్డు వైపు పరిగెత్తాడు. ఒడ్డు విరిగింది. నీళ్ళలో పడ్డాడు. జలుబున్నా బాగానే ఈదాడు. అటు గట్టెక్కేసరికి అరటితోట కుక్కలు ఎదురొచ్చాయి. తర్వాత అతని సంగతి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

వెంకాయమ్మ దోనె దగ్గరికి వచ్చింది. రెండు కొమ్ములూ అంచు కింద పెట్టి, ఒక్క ఊపున పక్కకి ఒరగదోసింది. తొలకరి నీళ్ళు ఇసకలోకి ఇంకిపోయాయి. ఒరిగిన దోనె లోపలి చెక్క ఎండకి ఆరుతోంది. నాయనమ్మల నాటి ఆచారం అది. ఒక్క గేదె కూడా నోరెత్తలేదు.

తర్వాత సన్యాసి ఎదురుగా నిలబడింది.

"నీ తప్పని నేననలేను అన్నయ్యా. కాదని కూడా అనలేకపోతన్నాను. నా కడుపు ఊరుకోడం లేదు."

"అనొద్దమ్మా," అన్నాడు సన్యాసి.

"మా నీళ్ళకి దిగువన తాగు. మా మేతకి దూరంగా మేయి."

"అదే అనుకున్నాను. ఇంకోటి చెప్తాను, విను. నాలుగు రోజులు ఎవర్నీ కదలనివ్వకు. ఎవరొచ్చి వరదన్నా, అగ్గన్నా, నీ కళ్ళతో చూసేదాకా లేవొద్దు. దూడల్ని మేపు, ఎండలో పడుకోబెట్టు. అలసిన ఒంట్లోకే అది జొరబడుతుంది."

వెంకాయమ్మ తలూపింది. అలాగే చేసింది. ఆరో రోజుకి గోదారి నిజంగానే ఎరుపెక్కింది. అప్పటికి అందరి పొట్టలూ నిండి ఉన్నాయి. మంద ఎగువన ఈదింది. బాగా దిగువన, అందరూ గట్టెక్కాక, ముసలి ఎద్దు ఒక్కడూ ఈదాడు. మధ్యలో రెండుసార్లు ఆగిపోతాడేమో అనిపించింది. ఆగలేదు.

ఆ ఏడు ఒక్క దూడ గొంతూ వాచలేదు.

"సన్యాసయ్యగారూ," అన్నాడు చిన్నాలు ఒక మధ్యాహ్నం, నీరసంగా. "కాపలావాళ్ళు లేచారండి. మళ్ళీ మూలకి తోసేశారు. బయటికి ఎప్పుడు పోతాం?"

"పోవు."

"మరి నా సంగతేంటండి?"

"నాతోనే ఉండు. నేను పోయిన రోజు నువ్వూ పోదువుగాని."

"ఇది అన్యాయమండి."

"అవును," అన్నాడు సన్యాసి. "నాకూ అలాగే ఉంది."

మర్నాడు గట్టు మీద ఎండలో పడుకుని ఉంటే, నూకాలు తల్లి కన్నుగప్పి పరిగెత్తుకుంటూ వచ్చింది. వారం రోజులుగా తాత కనిపించలేదు దానికి. వస్తూనే నాలుక బయటపెట్టింది, మెడ మీది కాయ నాకడానికి. ఆ కాయ వారం నుంచి సలుపుతోంది. దూడ ఊపిరి వెచ్చగా మెడకి తగిలింది కూడా.

సన్యాసి లేచాడు. తల దించి, కొమ్ములు చూపించి, తన బతుకులో ఎప్పుడూ అరవనంత గట్టిగా రంకె వేశాడు.

దూడ బెదిరిపోయింది. ఒక్క క్షణం అర్థంకాక చూసి, పడుతూ లేస్తూ తల్లి దగ్గరికి పరిగెత్తింది. మళ్ళీ రాలేదు. అది పెరిగి, ఏడు ఈతలు ఈని, మందకి పెద్దదై, హాయిగా ముసలిదయింది. సన్యాసి తాత తనని ఎందుకు తరిమాడో దానికి చివరిదాకా తెలీలేదు.

ఇంతే కథ. చెప్పమని అడిగేవాళ్ళందరికీ చివర చెప్పేది ఒకే ఒక్క మాట, ఇప్పుడూ అదే: నీకేమీ కాలేదని నీ ఎంగిలి దీవెనైపోదు.